లండన్‌కీ కలకత్తాకీ ఎక్కడ చెడిందో పట్టుకోవడం ఎలా

హిస్టరీ చదివేటప్పుడు మనం చేసే పెద్ద పొరపాటు "బ్రిటిష్ ప్రభుత్వం" అని ఒక్క ముక్కలో తేల్చెయ్యడం. 1858 తర్వాత అక్కడ కుర్చీలు రెండు. పార్లమెంటుకి జవాబు చెప్పుకోవాల్సిన భారత రాజ్య కార్యదర్శి (ఇండియా వ్యవహారాలు చూసే బ్రిటిష్ మంత్రి) లండన్‌లో, ఖజానా లెక్క చూసుకోవాల్సిన వైస్రాయి కలకత్తాలో. వీళ్లిద్దరి పేచీ అర్థం కావాలంటే ఏదో ఒక్క పన్ను ఎంచుకుని దాన్నే చివరిదాకా వెంబడించండి. నన్నడిగితే ఇంగ్లండ్ నుంచి ఇండియాకి దిగుమతయ్యే మిల్లు బట్ట మీద సుంకం తీసుకోండి, ఇంత బట్టబయలైన గొడవ ఇంకోటి దొరకదు.

ముందు ఒకటే అడగండి: డబ్బు ఎవరికి కావాలి, ఓట్లు ఎవరికి కావాలి? కలకత్తాకి డబ్బు, లండన్ మంత్రులకి ఇండియాకి బట్ట అమ్ముకునే ఇంగ్లండ్‌లోని లాంకషైర్ మిల్లు ఊళ్ల ఓట్లు. 1875లో వైస్రాయి నార్త్‌బ్రూక్ 5 శాతం సుంకం తియ్యనన్నాడు, రాజ్య కార్యదర్శి సాల్స్‌బరీ తియ్యాల్సిందేనన్నాడు, మరుసటేడు నార్త్‌బ్రూక్ రాజీనామా చేసి వెళ్లిపోయాడు (అఫ్గాన్ విషయంలోనూ ఇద్దరికీ పడలేదు, అంతా బట్ట ఖాతాలో రాసెయ్యకండి). 1879లో తర్వాతి వైస్రాయి లిట్టన్ తన కౌన్సిల్లో (పాలనలో సాయపడే మండలి) ఎక్కువమంది వద్దంటున్నా ముతక బట్ట మీద సుంకం ఎత్తేశాడు. 1882కి మిగిలింది కూడా పోయింది.

ఆ తర్వాత మెలిక ఎక్కడుందో వెతకాలి. 1870ల మొదట్లో దాదాపు 2 షిల్లింగులు పలికిన రూపాయి 1894 నాటికి 1 షిల్లింగు చిల్లరకి పడిపోయింది, లండన్‌కి కట్టాల్సినవి మాత్రం పౌండ్లలోనే కట్టాలి. సుంకం మళ్లీ వెయ్యక తప్పలేదు. దిగుమతి బట్టకి 5 శాతం వేశారు, దాంతోపాటే మన మిల్లుల్లో తీసే 20వ నంబరు దాటిన నూలుకీ 5 శాతం ఎక్సైజ్ (ఇక్కడే తయారైన సరుకు మీద వేసే పన్ను) తగిలించారు. ఎందుకు 20? 840 గజాల చిలపలు 20 కలిపి ఒక పౌను తూగితే అది 20వ నంబరు నూలు, నంబరు పెరిగేకొద్దీ నూలు సన్నబడుతుంది. మన మిల్లులు ఎక్కువగా వడికేది ముతక నూలు, కాబట్టి గీత అక్కడ గీస్తే వాటికి పెద్దగా తగలదు. లాంకషైర్ ఊరుకుంటుందా? 1896లో నూలుని వదిలేసి, దిగుమతి బట్టకి 3.5 శాతం, ఇక్కడి మిల్లు బట్టకీ సరిగ్గా అంతే వేశారు. చేమగ్గం బట్ట జోలికి మాత్రం రాలేదు.

ఇంకో మాట, తుది ఉత్తర్వు ఒక్కటే చదివి ఆగిపోవద్దు. అందులో అందరూ ఒక్క మాట మీదున్నట్టే కనిపిస్తుంది, అసలు టెన్షనంతా కౌన్సిల్ సభ్యులు విడిగా రాసిపెట్టిన అసమ్మతి నోట్లలో ఉంటుంది.

ఇప్పుడు 1917 మీరే చూడండి. దిగుమతి బట్ట మీద సుంకం 7.5 శాతానికి పెరిగింది, ఎక్సైజ్ మాత్రం 3.5 దగ్గరే ఉండిపోయింది, లాంకషైర్ ఎంత అరిచినా లండన్ వెనక్కి తగ్గలేదు. పాత ప్రశ్నే వేసి చూడండి, డబ్బు ఎవరికి కావాలి? మొదటి ప్రపంచ యుద్ధ ఖర్చు కింద ఇండియా ఇస్తానన్న 10 కోట్ల పౌండ్లు ఈసారి లండన్‌కే కావాలి.