వైపర్ ఆగిపోయిందా? వైరింగ్ ముట్టుకునే ముందు ఈ జాగ్రత్తలు

• ముందు తాళం తీసి జేబులో వేసుకోండి. వాన సెన్సార్ ఉన్న కారైతే స్విచ్‌ను ఆటో నుంచి ఆఫ్‌కి తిప్పండి.

• అద్దం కింద ఉండే, మోటారు నుంచి వైపర్లను కదిపే లింకేజీ కడ్డీల మధ్య చెయ్యి పెట్టాలంటే వైపర్ ఫ్యూజు పీకేయండి, లేదా బ్యాటరీ నెగటివ్ వైరు విప్పండి. ఇది మాత్రం దాటవేయొద్దు. స్విచ్ ఆపినా బ్లేడ్లు కిందికొచ్చి ఆగేదాకా మోటారు తిరుగుతూనే ఉంటుంది. దాని గేర్ల బలానికి వేలు నలిగిపోతుంది. ఉంగరం, వాచీ కూడా తీసేయండి.

• బ్లేడు తీసి వైపర్ చేతిని పైకి ఎత్తి వదిలేస్తున్నారా? కింద మందపాటి గుడ్డ పరచండి. స్ప్రింగు జారితే ఇనుప కొన ఠప్పున తగిలి అద్దం పగులుతుంది.

• కరెంటు వస్తోందో లేదో చూసే మల్టీమీటరు డీసీ వోల్టులో, 20 దగ్గర ఉందా? కరెంటున్న వైరుపై నిరోధం కొలిచే ఓమ్స్‌లో పెట్టొద్దు.

• ఫ్యూజు పోతే అదే ఆంపియర్‌ది వేయండి. 20 బదులు 30 వేస్తే ఫ్యూజు నిలుస్తుంది, వైరు కాలుతుంది. మళ్లీ పోయిందంటే షార్ట్ అయినా ఉండాలి, లింకేజీ అయినా బిగుసుకుపోయి ఉండాలి.

• నడిపి చూసేటప్పుడు అద్దం తడపండి.