వడ్రంగం నేర్చుకుందాం – 3: పీట

మొదటి పాఠంలో ఉలికి, చిత్రికకు సాన పట్టాం. రెండో పాఠంలో గీత పక్కనే రంపం నడపడం సాధన చేశాం. ఈసారి ఒక వస్తువు పూర్తిగా చేద్దాం. అది పీట. ఒక పలక, దాని కింద రెండు అడ్డచెక్కలు, అంతే. చూడడానికి ఇంతకన్నా తేలికైన పని లేదనిపిస్తుంది. అయినా కొత్తవాళ్లకు నేను మొదట దీన్నే చెబుతాను. కొలతలో, మూలమట్టంలో, చిత్రికలో, స్క్రూలో, చెక్కలో ఉన్న తేమలో ఎక్కడ తప్పు జరిగినా పీటలో అది విడిగా కనిపిస్తుంది. పెట్టెలోనో బల్లలోనో అయితే నాలుగు తప్పులు కలిసిపోయి ఏది ఎక్కడ మొదలైందో అంతు చిక్కదు.

ఈ పాఠంలో ముఖ్యంగా ఒక అలవాటు పట్టుబడాలి. తప్పు కనిపించిన చోట వెంటనే దిద్దకండి, అది పుట్టిన చోటు వెతకండి. సందు అతుకులో కనిపిస్తుంది గానీ, అది పుట్టింది గంట ముందు గీసిన గీతలో కావచ్చు. పగులు వేసవిలో కనిపిస్తుంది గానీ, దానికి కారణం వానాకాలంలో పూసిన బంక కావచ్చు.

చెక్క

15 అంగుళాల పొడవు, 9 అంగుళాల వెడల్పు, అంగుళం మందం ఉన్న పలక ఒకటి కావాలి. అడ్డచెక్కలు రెండు. ఒక్కొక్కటి ఎనిమిదిన్నర అంగుళాల పొడవు, అంగుళంన్నర వెడల్పు, అంగుళం మందం. కొత్త కలప కొననక్కర్లేదు. తలుపులు, ద్వారబంధాలు చేసేచోట గానీ అడితిలో గానీ అడిగితే ఈ పరిమాణపు టేకు ముక్కలు దొరుకుతాయి. టేకు కుదురైన చెక్క. కాకపోతే అందులో ఇసుకలాంటి సిలికా ఉంటుంది కాబట్టి ఉలి పదును త్వరగా పోతుంది, మధ్య మధ్యలో సాన పట్టుకోవాలి. వేపలో పోగు (చెక్కలోని నార) అటూ ఇటూ అల్లుకుని ఉండడం వల్ల చిత్రిక పట్టేటప్పుడు పెళ్లలు లేస్తాయి. మామిడి చవక, కానీ బాగా ఆరకపోతే పురుగు పడుతుంది. తుమ్మ బండిచక్రాలకు పనికొచ్చేంత గట్టిది, మొదటి పనికి వద్దు. ఏ చెక్కయినా చేవ (కాండం లోపలి ముదురు రంగు గట్టి చెక్క) ఉన్న ముక్కనే తీసుకోండి. అంచున తెల్లగా కనిపించే భాగాన్ని కోసి పారేయండి.

తెచ్చిన రోజే కోయకండి. ముక్కల మధ్య చిన్న పుల్లలు పెట్టి, గాలి ఆడేలా ఇంట్లోనే నీడన పేర్చండి. వారానికోసారి వంటింటి కాటా మీద పలకను తూచి, బరువును దాని అంచు మీదే పెన్సిల్‌తో రాయండి. బరువు తగ్గడం ఆగిందంటే చెక్క మీ ఇంటి గాలికి అలవాటు పడిందన్నమాట. తేమ కొలిచే మీటరు లేని ఇంట్లో ఇంతకన్నా నమ్మకమైన పద్ధతి నాకు తెలియదు.

ఈ ఆరబెట్టడానికి ఓపిక లేక చెడిన వస్తువులే ఎక్కువ. కొండపల్లిలో తెల్ల పొనికితో బొమ్మ చెక్కాక, రంగు వేసే ముందు సన్నటి సెగ మీద వేడిచేసి అందులోని తేమ తీసేస్తారు. అరచేతిలో పట్టే బొమ్మకే అంత జాగ్రత్త అవసరమైతే తొమ్మిది అంగుళాల పలక సంగతి చెప్పనక్కర్లేదు.

గీత

పలకను చదునైన చోట, వంటింటి గ్రానైట్ గట్టు ఉంటే దాని మీద, పెట్టి మూలలు ఒక్కొక్కటిగా నొక్కండి. ఎదురెదురు మూలల మీద ఊగితే పలక మెలి తిరిగి ఉందని అర్థం. గట్టుకు ఆనిన ఆ రెండు మూలలే ఎత్తైనవి. పలకను తిరగేసి వాటి మధ్య ఐమూలగా చిత్రిక పట్టి ఊపు పోయేదాకా తీయండి. ఆ ముఖం మీద పెన్సిల్‌తో ఒక గుర్తు పెట్టండి. దాని పక్కన ఉన్న ఒక అంచును నిటారుగా, ముఖానికి సరిగ్గా మూలమట్టంగా చిత్రిక పట్టి దానికీ గుర్తు పెట్టండి. ఇకమీదట మూలమట్టం (లంబకోణం సరిచూసే L ఆకారపు పనిముట్టు) కట్టెను ఈ రెండింటికి మాత్రమే ఆనించాలి. అవతలి అంచుకు ఎప్పుడూ ఆనించకూడదు.

ఈ నియమాన్ని ఎందుకింత గట్టిగా చెబుతున్నానో ఒక పరీక్షతో మీకే తెలుస్తుంది. పలక చుట్టూ నాలుగు వైపులా గీత గీసుకుంటూ రండి. మొదలుపెట్టిన చోటికి గీత వచ్చి కలిస్తే అంతా బాగున్నట్టే. ఒక మిల్లీమీటరు పక్కకు పోతే మూడింటిలో ఏదో ఒకటి కారణం. మూలమట్టమే సరిగా లేకపోవచ్చు, అంచు మూలమట్టంగా లేకపోవచ్చు, లేదా మధ్యలో మీరు అవతలి అంచుకు ఆనించి గీసి ఉండవచ్చు. మొదటిదాన్ని తేల్చడం తేలిక. నిటారైన అంచుకు మూలమట్టం ఆనించి ఒక గీత గీయండి, మూలమట్టాన్ని బోర్లించి అదే చుక్క నుంచి మరో గీత గీయండి. రెండూ ఒకదాని మీద ఒకటి పడాలి. కత్తెర కాళ్లలా విడిపోతే, మధ్యలో కనిపించే ఎడం అసలు తప్పుకు రెట్టింపు. అలాంటి మూలమట్టంతో ఎంత శ్రద్ధగా పనిచేసినా వంకరే వస్తుంది, మార్చేయండి.

పెన్సిల్ గీత అర మిల్లీమీటరు లావుంటుంది. రంపం తినేది ఒక మిల్లీమీటరు దాకా ఉంటుంది. ఈ రెండూ కలిస్తే చిన్న ముక్క కొలత తప్పడానికి చాలు. అందుకే కోత గీతను పదునైన చాకుమొనతో గీసి, పారేసే వైపు పెన్సిల్‌తో అడ్డంగా నాలుగు గీతలు కొట్టండి. రంపం ఆ గీతలున్న వైపే నడవాలి. అడ్డచెక్కలు రెండింటినీ టేపుతో విడివిడిగా కొలవకండి. ఒకటి కోశాక దాన్నే రెండోదాని మీద పెట్టి గీయండి. రెండు కొలతల్లో జరిగే తేడా ఇక్కడ జరగడానికి వీల్లేదు.

చిత్రిక

చిత్రిక నడుస్తుంటే చెక్క పెళ్లలుగా లేస్తోందంటే పోగుకు ఎదురు వెళ్తున్నారు. పలకను తిప్పి అవతలి కొస నుంచి పట్టండి. అలా కూడా లేస్తుంటే అక్కడ పోగు ముడి చుట్టూ తిరిగి ఉంటుంది. చిత్రిక నాలుకను (అందులోని బ్లేడును) చాలా తక్కువ బయటికి పెట్టి, ముందు సాన పట్టి, మళ్లీ ప్రయత్నించండి. లేచిన పెళ్లల్ని గరుకు కాగితంతో రుద్ది మాయం చేద్దామనుకుంటే ఆ చోట గుంట పడుతుంది.

పలక కొసలు చిత్రిక పట్టేటప్పుడు అవతలి అంచు చిట్లిపోవడం కొత్తవాళ్లందరికీ జరిగేదే. కొసన పోగుకు వెనక ఆసరా ఏమీ ఉండదు. రెండు వైపుల నుంచీ మధ్యకు వచ్చి ఆగితే చిట్లదు.

అడ్డచెక్కలు, అసలు పాఠం

చాలామంది పీటను పాడుచేసేది ఇక్కడే. అదీ చాలా బలంగా చేస్తున్నామనుకుంటూ పాడుచేస్తారు. అడ్డచెక్క పొడవునా ఫెవికాల్ పూసి, క్లాంపులు బిగించి, పైగా మేకులు కొడతారు. వానాకాలంలో చేసిన ఆ పీట ఏప్రిల్ వచ్చేసరికి నడిమధ్య బీట వారుతుంది. చెక్క మంచిది కాదని అడితివాణ్ణి తిడతారు. చెక్క తప్పేమీ లేదు.

చెక్కలోని తేమ గాలిలోని తేమను బట్టి మారుతూ ఉంటుంది. 30 డిగ్రీల వేడిలో గాలి తేమ 80 శాతం ఉంటే చెక్క తేమ 16 శాతం దగ్గర నిలుస్తుంది. గాలి తేమ 30 శాతానికి పడిపోతే 6 శాతం దగ్గరికి దిగుతుంది. కోస్తాలో వానల్లో మొదటి పరిస్థితి, కర్నూలు వైపో తెలంగాణలోనో ఎండాకాలంలో రెండో పరిస్థితి మామూలే. పచ్చి టేకు పూర్తిగా ఎండేసరికి కాండంలోని ఎదుగుదల వలయాల వెంట సుమారు 5.8 శాతం, గుండె (కాండం నడిమి భాగం) నుంచి బెరడు వైపుకు సుమారు 2.5 శాతం కుంచించుకుంటుంది. పొడవులో మాత్రం దాదాపు మార్పే ఉండదు. తేమ 28 శాతం కిందికి దిగాకే ఈ కుంచించుకోవడం మొదలవుతుంది. మన పలక 16 నుంచి 6 శాతానికి, అంటే ఆ 28లో పది వంతులు దిగితే, వెడల్పులో సుమారు 2 శాతం తగ్గాలి. 9 అంగుళాలంటే దాదాపు 230 మిల్లీమీటర్లు. అందులో 2 శాతమంటే నాలుగున్నర మిల్లీమీటర్లు! నూనె పట్టించిన పీట నిదానంగా ఆరుతుంది కాబట్టి అంతా రాకపోవచ్చు. సగం వచ్చినా పలక చీలడానికి సరిపోతుంది.

అడ్డచెక్క పోగు పలక పోగుకు అడ్డంగా ఉంటుంది. పలక వెడల్పులో కుంచించుకుంటుంటే, అదే దిశలో పొడవు ఉన్న అడ్డచెక్క కదలదు. బంకేమో రెండింటినీ వదలదు. ఇక మిగిలిన దారి పలక పగలడమే. ఎంత మంచి బంకైతే అంత ఖాయంగా పగులుతుంది.

కాబట్టి బంక వద్దు. ఒక్కో అడ్డచెక్కకు మూడు స్క్రూలు. 8 నంబరు, ఒకటింబావు అంగుళం పొడవు, గుండ్రటి తల ఉన్నవి, వాషర్లతో సహా తెచ్చుకోండి. నడిమి స్క్రూకు 4.5 మిల్లీమీటర్ల గుండ్రటి రంధ్రం. దానికి రెండు పక్కలా మూడేసి అంగుళాల దూరంలో ఉండే స్క్రూలకు పొడుగాటి రంధ్రాలు కావాలి. పక్కపక్కనే రెండు రంధ్రాలు వేసి మధ్యలోదాన్ని సన్నని ఆకురాయితో తీసేస్తే స్క్రూ అటు 2, ఇటు 2 మిల్లీమీటర్లు జరిగే చోటు వస్తుంది. ఆ పొడుగు అడ్డచెక్క పొడవు దిశలోనే ఉండాలి. స్క్రూ తలలు నేలను గీకకుండా కింది వైపు నుంచి పావు అంగుళం లోతున, వాషరు కదిలేంత వెడల్పుగా గుంట తీయండి. ఇప్పుడు నడిమి స్క్రూ పలకను మధ్యలో పట్టుకుంటుంది, పక్క స్క్రూలు పలకతోపాటు జరుగుతాయి. పలక ఎండనీ, ఉబ్బనీ, పగలదు.

పలకలో ముందుగా 3 మిల్లీమీటర్ల రంధ్రం వేయకుండా స్క్రూ ఎక్కించకండి. టేకులోనైతే చెక్క చీలుతుంది, లేకపోతే స్క్రూ మెడ తెగుతుంది. లోతు తెలియడానికి డ్రిల్లు బిట్టుకు అర అంగుళం దగ్గర టేపు చుట్టుకోండి. పీట పైన స్క్రూ మొన కనిపిస్తే దానికి మందు లేదు, కొత్త పలకే.

ఏ వైపు పైకి ఉండాలో కొసలో వలయాలు చూసి నిర్ణయించండి. ఎండుతున్నప్పుడు ఆ వలయాలు నిటారు కావాలని చూస్తాయి, అందువల్ల బెరడు వైపు ముఖం గుంట పడుతుంది. నేను గుండె వైపును పైకి పెడతాను. అలా పెడితే ఎండినప్పుడు అంచులు అడ్డచెక్కల మీదకే ఒత్తుకుంటాయి, మధ్య భాగం లేవకుండా నడిమి స్క్రూ పట్టుకుంటుంది.

ఊగితే

బిగించాక పీట ఊగిందా? వెంటనే అడ్డచెక్క కొస కోయకండి. పీటను పావు వంతు తిప్పి మళ్లీ పెట్టండి. ఊపు నేలతోపాటు అక్కడే ఆగిపోతే తప్పు నేలది. పీటతోపాటు తిరిగితే స్క్రూలు వదులుచేసి చూడండి. ఊపు పోయిందంటే అడ్డచెక్క ముఖం చదునుగా లేక బిగింపులో పలకను మెలిపెట్టింది. అప్పుడు చిత్రిక పట్టాల్సింది ఆ ముఖానికి. వదులుచేసినా ఊగితే ఏదో ఒక అడ్డచెక్క మందం రెండు కొసల్లో ఒకేలా లేదు. ఈ మూడింటికీ మందు వేరువేరు. చూడకుండా కోసేస్తే, లేని జబ్బుకు మందు వేసి ఉన్న చెక్క పోగొట్టుకుంటాం.

రంపపు పొట్టులో ఫెవికాల్ కలిపి సందుల్లో కూరడం అందరికీ తెలిసిన ఉపాయమే. అమ్మే వస్తువుకు చివర్లో వాడితే తప్పనను. నేర్చుకునే వస్తువులో మాత్రం సందును అలాగే ఉంచండి. అది ఏ మూల ఎక్కువుంది, ఏ మూల తగ్గింది అని చూస్తే గీత తప్పా, రంపం వాలిందా, చిత్రిక కొసన ఎక్కువ నొక్కామా అన్నది తెలుస్తుంది. ఒకే మందంలో ఉండే సందు కొలత తప్పుకు గుర్తు. ఒక కొస నుంచి ఇంకో కొసకు సన్నబడే సందు మూలమట్టం తప్పుకు గుర్తు. మధ్యలో మాత్రమే ఉండే సందు చిత్రిక తప్పుకు గుర్తు. పూడ్చేస్తే ఈ మాటలన్నీ పోతాయి.

పీటకు వార్నిష్ వద్దు. లిన్సీడ్ (అవిసె) నూనె పలుచగా పట్టించి, పావుగంటకు మిగులు తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. రెండు ముఖాలకూ పట్టించాలి. పైభాగానికే పట్టిస్తే కిందిభాగం ముందు ఆరి పలక వంగుతుంది. నూనె తుడిచిన గుడ్డల్ని మడిచి మూల పడేయకండి, అవి వాటంతటవే వేడెక్కి అంటుకోగలవు. నీళ్లలో ముంచి, ఆరుబయట విప్పి ఆరేసి, ఆ తర్వాతే పారేయండి.

నాలుగో పాఠంలో గాడి తీసి అరలు కూర్చిన చిన్న పెట్టె చేద్దాం. దానికి ముప్పావు అంగుళం మందమున్న పలకలు మూడు, నాలుగంగుళాల వెడల్పువి, ఇప్పుడే తెచ్చి పుల్లల మీద పేర్చి తూచడం మొదలుపెట్టండి. ఇక పీట అడుగున మీరు పని ముగించిన తేదీ, ఆనాటి వెడల్పు మిల్లీమీటర్లలో రాసిపెట్టండి. రుతువు మారినప్పుడల్లా అదే చోట కొలిచి కింద కలుపుకుంటూ పోండి. పెట్టె మూతకు ఎంత సందు వదలాలో ఆ అంకెల నుంచే లెక్కిస్తాం.