ఇంట్లో చన్నీళ్ల పైపులైన్: ఎలా వేయించుకోవాలి, ఎలా చూసుకోవాలి?

గృహప్రవేశం అయిన రెండో ఏడాదే మా బెడ్‌రూమ్ గోడకు చెమ్మ దిగింది. చూస్తే ఎండాకాలం. గోడకు అవతల బాత్‌రూమ్. తవ్వించి చూస్తే పైపు మలుపు దగ్గర వేసే ఎల్బో అనే ముక్కలోకి పైపు సగమే దిగి ఉంది. అరచేతిలో పట్టే ఆ ముక్క కోసం ఏడు టైల్స్ పగలగొట్టాం. ఆ డిజైన్ అప్పటికే షాపులో లేదు. ఇప్పటికీ ఆ ఏడూ వేరే రంగులో వెక్కిరిస్తూనే ఉన్నాయి.

అప్పట్నుంచి నీళ్ల పని ఏది చేయించినా ముందు ఒకటే అడుగుతాను: దీన్ని రేపు విప్పగలమా? కుళాయి నచ్చకపోతే పది నిమిషాల్లో మార్చుకోవచ్చు. గోడలో పూడ్చిన పైపును మార్చలేం. కాబట్టి డబ్బూ శ్రద్ధా ముందు గోడలోకి పోయేవాటి మీద పెట్టాలి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. మెరిసే ట్యాపులకు వేలు పోసి, పైపుల దగ్గర బేరమాడతారు.

1. ముందు నీళ్ల దారి గీసుకోండి

మన ఊళ్లలో మున్సిపల్ నీళ్లు రోజులో కాసేపో, రోజు విడిచి రోజో వస్తాయి. అవి సంపులో పడతాయి, మోటారు పై ట్యాంకుకు ఎక్కిస్తుంది, అక్కణ్నుంచి తమ బరువుతోనే కిందికి దిగుతాయి. ఈ దారంతా, ఏ గదిలో ఎన్ని పాయింట్లు కావాలో సహా, ఒక కాగితం మీద గీయండి. ప్లంబర్‌కు నోటితో చెప్పింది పనిలోకి వచ్చేసరికి మారిపోతుంది. కాగితం మారదు.

ఇళ్లకు మనిషికి రోజుకు 135 లీటర్ల లెక్క వేస్తారు. అయిదుగురుంటే 675 లీటర్లు, అంటే వెయ్యి లీటర్ల ట్యాంకు సరిపోతుంది. నీళ్లు రోజు విడిచి రోజు వచ్చే చోట సంపు దానికి రెండింతలైనా ఉండాలి. వెయ్యి లీటర్లంటే టన్ను బరువు. దాన్ని స్లాబు నడిమధ్యన కాకుండా పిల్లర్లు, బీములు ఉన్నచోట పెట్టించండి. ప్లాస్టిక్ ట్యాంకు అడుగు మొత్తం చదునైన దిమ్మె మీద ఆనాలి. కొంత భాగం గాల్లో ఉంటే కొన్నాళ్లకు అక్కడే పగులుతుంది.

ట్యాంకు ఎత్తు సంగతి ఇంకా ముఖ్యం. 10 మీటర్ల ఎత్తునుంచి దిగే నీటికి చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో ప్రెషర్ ఉంటుంది. పై అంతస్తులో షవర్ నేలకు 2.1 మీటర్ల ఎత్తున ఉందనుకోండి. స్లాబు 3 మీటర్ల ఎత్తున, దాని మీదే ట్యాంకు. అంటే షవర్‌కూ ట్యాంకు అడుగుకూ మధ్య తేడా ఒక మీటరు, ప్రెషర్ 0.1 కిలో. ఆ షవర్ కారుతుంది తప్ప కురవదు. ఎంత ఖరీదైన షవర్ బిగించినా అంతే. ట్యాంకును టెర్రస్ మీద మరో రెండు మీటర్లు ఎత్తి కట్టించుకోవాలి, లేదా ప్రెషర్ పంపు పెట్టుకోవాలి. ఇల్లు కట్టేటప్పుడైతే దిమ్మె ఎత్తడమే చవక.

రెండు పనులు మాత్రం ఎవరు చెప్పినా చేయకండి. ఒకటి, మున్సిపల్ లైన్‌కు నేరుగా మోటారు బిగించడం. దానికి అనుమతి లేదన్న మాట అలా ఉంచండి, మోటారు పీల్పుకు వీధి లైన్‌లో పగులున్న చోటల్లా మురుగు లోపలికి వచ్చేస్తుంది. రెండు, తాగే నీళ్ల లైన్‌నూ బోరు లైన్‌నూ కలపడం. మధ్యలో వాల్వ్ ఉందిగా అంటారు. ఆ వాల్వ్‌ను ఎవరో ఒకరు ఏదో రోజు తెరిచి మర్చిపోతారు.

2. ఏ పైపు, ఎంత లావు

పాత ఇళ్లలో జీఐ, అంటే జింకు పూత పూసిన ఇనుప పైపులు ఉండేవి. లోపల తుప్పు పట్టి, చివరికి పెన్సిల్ పట్టేంత దారి మిగిలేది. ఇప్పుడు చన్నీళ్లకు తెల్లటి యూపీవీసీ, వేణ్నీళ్లకు లేత పసుపు సీపీవీసీ అనే ప్లాస్టిక్ పైపులు వాడుతున్నారు. యూపీవీసీకి వేడి పడదు. సీపీవీసీ 93 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. ఇక్కడే ఒక పొరపాటు జరుగుతుంది. గీజర్‌లోకి వెళ్లేది చన్నీళ్లే కదా అని అక్కడిదాకా యూపీవీసీ లాగేస్తారు. గీజర్ వేడి వెనక్కి కూడా పాకుతుంది. గీజర్ దగ్గర వచ్చేది, పోయేది రెండూ సీపీవీసీయే వేయించండి.

లావు విషయంలో చెట్టు గుర్తుంచుకోండి: మాను లావు, కొమ్మ సన్నం. ట్యాంకు నుంచి దిగే లైన్ ఒకటిన్నర లేదా ఒకటింపావు అంగుళం, అంతస్తుకు చీలేది ఒక అంగుళం, బాత్‌రూమ్‌లోకి ముప్పావు, చివర పాయింటుకు అర అంగుళం. పైనుంచే ముప్పావు దింపితే కింద ఒకరు బకెట్ నింపుకొంటుంటే పైన షవర్ ఆగిపోతుంది. గోడలో పెట్టే ఫ్లష్ వాల్వ్ కావాలనుకుంటే దానికి విడిగా లావుపాటి లైన్ కావాలి. మామూలు ఫ్లష్ ట్యాంకుకు అర అంగుళం చాలు.

3. ట్యాంకు దగ్గర

కింది గదులకు నీళ్లు పోయే పైపును ట్యాంకు అడుగు నుంచి రెండు మూడు అంగుళాల పైన తీయాలి. అడుగున చేరే మడ్డి కుళాయిల్లోకి రాకూడదు. ఆ మడ్డి పోవడానికి మాత్రం అట్టడుగున వేరే డ్రెయిన్ పెట్టి, దానికి వాల్వ్ వేయాలి. ఇది లేని ట్యాంకును కడగాలంటే మగ్గుతో తోడుకోవాల్సిందే. ఓవర్‌ఫ్లో పైపు మోటారు పైపు కంటే ఒక సైజు పెద్దది ఉండాలి. దాని మూతికి సన్నటి జాలీ కట్టండి. డెంగీ దోమకు మంచి నీళ్లే కావాలి, ఆ కన్నంలోంచి దర్జాగా వెళ్తుంది.

దిగే లైన్‌కు వాల్వ్, ఆ వాల్వ్ తర్వాత ఎయిర్ పైపు. ఎయిర్ పైపు అంటే లైన్ నుంచి పైకి లేచి, ట్యాంకు పైఅంచు కంటే ఎత్తుగా నిలబడే ఉత్త పైపు, అంతే. దాన్ని అనవసరం అనుకుని వదిలేస్తుంటారు. ట్యాంకు ఒకసారి ఖాళీ అయితే లైన్‌లో గాలి చేరి, మళ్లీ నింపినా కుళాయి దగ్గుతుంది తప్ప నీళ్లు రావు. ఎయిర్ పైపు ఉంటే ఆ గాలి దానంతట అదే పోతుంది. టెర్రస్ మీద పైపు పాములా లేస్తూ పడుతూ వెళ్లినా గాలి చిక్కుతుంది. నీళ్లు పోయే వైపు కాస్త వాలు ఉండాలి.

ఎండ తగిలే యూపీవీసీ పైపులకు తెల్లటి ఎమల్షన్ పెయింట్ వేయండి. ఆయిల్ పెయింట్ వద్దు, అందులోని ద్రావకం పైపుకు మంచిది కాదు. మూడు నాలుగు అడుగులకొక క్లాంపు పడాలి. మోటారు ఆగినప్పుడు గోడ అదిరే దెబ్బ వినబడితే, క్లాంపులు వదులుగా ఉన్నాయా, మోటారు లైన్‌లో నీళ్లు వెనక్కి రాకుండా ఆపే వాల్వ్ (ఎన్‌ఆర్‌వీ) సరిగ్గా మూసుకుంటోందా చూడండి.

4. గోడలో జాయింట్లు

ఇక్కడ మీరు దగ్గరుండండి. పైపును దాని పొడవుకు సరిగ్గా అడ్డంగా కోయాలి. ఏటవాలుగా కోస్తే ఫిట్టింగ్ (ఎల్బో లాంటి జోడింపు ముక్క) లోపల ఒక పక్కే ఆనుతుంది. కోసిన అంచు పొట్టు తీసి, పొడి గుడ్డతో తుడవాలి. ఫిట్టింగ్‌లోకి ఎంత దిగాలో పైపు మీద పెన్నుతో గీత పెట్టమనండి. మా ఎల్బో దగ్గర ఆ ఒక్క గీత ఉండుంటే ఏడు టైల్స్ మిగిలేవి.

తర్వాత పైపులను అతికించే సాల్వెంట్ సిమెంట్. యూపీవీసీకి యూపీవీసీది, సీపీవీసీకి సీపీవీసీదే. పైపు బయట, ఫిట్టింగ్ లోపల రెంటికీ పలచగా పూసి, పైపును దూర్చుతూ పావు చుట్టు తిప్పి, అర నిమిషం కదలకుండా పట్టుకోవాలి. లేకపోతే పైపు మెల్లగా వెనక్కి జారుతుంది. డబ్బాలో సిమెంట్ జిగురుగా, గడ్డగా మారితే పారేయాలి. అందులో ఏదైనా కలిపి పలచన చేస్తానంటే ఒప్పుకోకండి.

కుళాయి బిగించే చోట లోపల ఇత్తడి మరలున్న ఎల్బో వేయించాలి. ఉత్త ప్లాస్టిక్ మరలోకి ఇత్తడి కుళాయిని బిగిస్తే ఆ రోజు బాగానే ఉంటుంది, తర్వాత నెర్రె ఇస్తుంది. ఆ ఎల్బో మూతి ప్లాస్టరింగ్, టైల్ మందం కలుపుకొని టైల్‌తో సమానంగా రావాలి. లోపలికి పోతే ప్రతి కుళాయికీ ఎక్స్‌టెన్షన్ నిపుల్ అనే పొడిగింపు ముక్క తగిలించాలి, అదొక అదనపు లీకేజీ. వాల్ మిక్సర్‌కు రెండు పాయింట్ల మధ్య దూరం 150 మిల్లీమీటర్లు, ఎడమ వేణ్నీళ్లు, కుడి చన్నీళ్లు.

ప్రతి బాత్‌రూమ్‌కూ, వంటింటికీ విడివిడిగా వాల్వ్ పెట్టించండి. ఒక వాషర్ మార్చడానికి ఇల్లంతా నీళ్లు కట్టేయడం ఎందుకు?

5. టెస్టింగ్, ఫోటోలు

అతికించిన లైన్‌ను ఒక రోజు వదిలేసి, అన్ని మూతులకూ డమ్మీలు బిగించి, లోపలి గాలంతా పోయేలా నీళ్లు నింపాలి. తర్వాత చేతి టెస్టింగ్ పంపుతో ప్రెషర్ ఎక్కించాలి. మామూలుగా 10 కిలోలు పెట్టి ఒక గంట చూస్తారు. పంపు మీటరు ముల్లు దిగిందంటే ఎక్కడో కారుతోంది. ట్యాంకు నీళ్లు వదిలి చూశాం కదా అని ప్లంబర్ అంటే కుదరదు. రెండంతస్తుల ఇంట్లో ట్యాంకు ఇచ్చే ప్రెషర్ ఒక కిలో కూడా ఉండదు, సగం అతికిన జాయింట్ దానికి నిలబడిపోతుంది. గాలి కంప్రెషర్‌తో మాత్రం టెస్ట్ చేయనీయకండి. పైపు పగిలితే ముక్కలు ఎగిరి తగులుతాయి.

ముల్లు నిలబడ్డాక, గోడకు ప్లాస్టరింగ్ చేయకముందు, ప్రతి గోడకూ టేపు పక్కన పెట్టి ఫోటో తీసుకోండి. నేల నుంచి ఎంత, మూల నుంచి ఎంత అన్నది కనబడాలి. రేపు అద్దం బిగించడానికి డ్రిల్లింగ్ వేసే కుర్రాడికి ఆ ఫోటో చూపిస్తే చాలు. టైల్స్ ఒక పెట్టె అదనంగా కొని అటక మీద పడేయండి. ఎందుకో వేరే చెప్పక్కర్లేదు.

6. కుళాయిలు

ఇది తేలిక. మొదట కుళాయిలు బిగించకుండా లైన్‌లో నీళ్లు వదిలి ఇసుక, ప్లాస్టిక్ పొట్టు కొట్టుకుపోనివ్వండి. టెఫ్లాన్ టేపును మర కొస మీవైపు పెట్టుకుని గడియారం ముల్లు తిరిగే వైపు చుట్టాలి. తిరగేసి చుడితే బిగిస్తున్నకొద్దీ ఊడి వస్తుంది. వాష్ బేసిన్, ఫ్లష్ ట్యాంక్, హెల్త్ ఫాసెట్ అన్నిటికీ, నీళ్లు అక్కడికక్కడే కట్టేసుకునే యాంగిల్ వాల్వ్ ఉండాలి.

7. తర్వాత చూసుకోవడం

ట్యాంకు, సంపు ఆరు నెలలకోసారి కడగాలి. మోటారు స్విచ్ తీసి ప్లగ్ కూడా పీకేయండి. సంపులోకి ఒంటరిగా ఎవరినీ దింపకండి. మూసి ఉన్న సంపులో ఊపిరాడక ప్రాణాలు పోయిన సంగతులు తెలిసినవే. మూత చాలాసేపు తెరిచి ఉంచి, పైన ఒక మనిషి నిలబడాలి. గోడలు తోమి మడ్డి వదిలేశాక ట్యాంకు నింపి, వెయ్యి లీటర్లకు 150 నుంచి 200 గ్రాముల బ్లీచింగ్ పౌడర్ బకెట్‌లో కలిపి, తేరుకున్న నీళ్లు మాత్రం పోయండి. ప్రతి కుళాయీ వాసన వచ్చేదాకా తిప్పి కట్టేసి, రాత్రంతా ఉంచి, పొద్దున మొత్తం వదిలేసి కడగండి. ఆ నీళ్లు తాగడానికీ స్నానానికీ పనికిరావు. ఇది కడిగే మోతాదు. రోజువారీ నీళ్లు శుభ్రం చేయడానికైతే వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాములే చాలు. బ్లీచింగ్‌లో యాసిడ్ కలిపితే విషవాయువు వస్తుంది, ఆ రెండూ ఒకే రోజు బయటికి తీయకండి.

బోరు నీళ్లుంటే కుళాయి మూతిలోని జాలీకి తెల్లగా సున్నం పడుతుంది. ధార సన్నబడిందని ప్లంబర్‌ను పిలిచేముందు ఆ జాలీ విప్పి, నిమ్మరసంలోనో వెనిగర్‌లోనో ఒక పూట నానబెట్టి, పాత బ్రష్‌తో రుద్దండి.

లీకేజీ అనుమానం ఉంటే రాత్రి పడుకునేముందు ట్యాంకులో నీటిమట్టం గుర్తుపెట్టి, ఎవరూ నీళ్లు వాడకుండా పొద్దున చూడండి. తగ్గిందంటే మొదటి దొంగ ఫ్లష్ ట్యాంకే. అందులో మిఠాయి రంగు కాస్త కలిపి, ఫ్లష్ చేయకుండా ఇరవై నిమిషాలాగి కమోడ్‌లో చూడండి. రంగు దిగితే లోపలి రబ్బరు వాషర్ మార్చాలి. కుళాయి చుక్కలు పడుతుంటే కింద మగ్గు పెట్టి గంటలో ఎంత నిండిందో చూసి ఇరవై నాలుగుతో హెచ్చవేయండి. ఆ లెక్క చూశాక వాషర్ పని వాయిదా వేయబుద్ధి కాదు.

వాల్వ్‌లు కూడా ఊరికే వదిలేస్తే సున్నం పట్టి బిగుసుకుపోతాయి. మూడు నెలలకోసారి ప్రతిదాన్నీ పూర్తిగా మూసి తెరవండి. ఆ పనిలో ఇంట్లోవాళ్లందర్నీ కలుపుకొని, ఏది మూస్తే ఏ గదికి నీళ్లు ఆగుతాయో చూపించండి. మా ఇంట్లో మొన్న హెల్త్ ఫాసెట్ పైపు పగిలి బాత్‌రూమ్ చెరువైనప్పుడు నేను ఊళ్లో లేను. మా అత్తయ్య వెళ్లి వాల్వ్ కట్టేసి, ఆ తర్వాత నాకు ఫోన్ చేసింది.