వోల్ట్ మాడ్‌కు ముందు: గ్రాఫిక్స్ కార్డు కాలకుండా చూసుకోవాల్సినవి

వోల్ట్ మాడ్ అంటే కార్డులోని చిప్‌కు అందే వోల్టేజీని కంపెనీ పెట్టిన హద్దు దాటించి పెంచడం. సోల్డరింగ్ ఐరన్ వేడెక్కేలోపు ఒక చిన్న లెక్క వేసుకోండి. చిప్ తీసుకునే పవర్ వోల్టేజీ వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 1.00 వోల్టు నుంచి 1.10కి తీసుకెళ్తే, క్లాక్‌ను, అంటే చిప్ పనిచేసే వేగాన్ని, అసలు ముట్టుకోకపోయినా పవర్ దాదాపు 21 శాతం పెరుగుతుంది. క్లాక్ కూడా పెంచితే దాని భారం వేరే. ఆ వేడి ఎటు పోతుందో తేల్చుకున్నాకే వోల్టేజీ జోలికి వెళ్ళాలి.

వేడి అనగానే అందరి చూపూ కోర్ (అసలు చిప్) టెంపరేచర్ మీదకే పోతుంది. నాకు మాత్రం భయం వీఆర్ఎం (వోల్టేజీని నియంత్రించే భాగం) గురించే. 12 వోల్టులను 1 వోల్టు దగ్గరికి దించి కోర్‌కు ఇచ్చేది అదే. 1 వోల్టు దగ్గర కోర్ 200 వాట్లు తీసుకుంటోందంటే, వీఆర్ఎంలో స్విచ్‌ల్లా పనిచేసే చిన్న ట్రాన్సిస్టర్లు, అంటే మాస్‌ఫెట్లన్నీ కలిసి 200 ఆంపియర్లు మోస్తున్నట్టు. కోర్‌కు పెద్ద వాటర్ బ్లాక్ బిగించి, మాస్‌ఫెట్లను గాలి కూడా తగలకుండా వదిలేస్తే, స్క్రీన్ మీద 55 డిగ్రీలు కనబడుతుండగానే కార్డు పోవచ్చు. వీఆర్ఎం వేడిని చూపించే సెన్సర్ అన్ని కార్డుల్లో ఉండదు. అందుకే కూలర్ ఒకసారి విప్పండి. వేడిని కూలర్‌కు చేరవేసే మెత్తటి థర్మల్ ప్యాడ్ మీద ప్రతి మాస్‌ఫెట్ అచ్చు స్పష్టంగా పడి ఉండాలి. అచ్చు లేదంటే అక్కడ ప్యాడ్ ఆనడం లేదు, అంతకంటే మందం ప్యాడ్ కావాలి.

కరెంటు వచ్చే దారికీ హద్దుంది: మదర్‌బోర్డు స్లాట్ నుంచి 75 వాట్లు, 6 పిన్ల కనెక్టర్‌కు 75, 8 పిన్లదానికి 150.

సాఫ్ట్‌వేర్‌తో అయ్యే పనికి ఐరన్ పట్టొద్దు. ఓవర్‌క్లాకింగ్ సాఫ్ట్‌వేర్ ఆఫ్టర్‌బర్నర్‌లో వోల్టేజీ స్లైడర్ ఎంతవరకు ఇస్తుందో ముందు చూడండి. విండోస్‌తో పాటే సెట్టింగ్ అప్లై అయ్యే ఆప్షన్ మాత్రం ఆన్ చేయొద్దు. సిస్టమ్ హ్యాంగ్ అయి రీస్టార్ట్ అయితే మళ్ళీ అదే గోతిలో పడతారు. కార్డు బయోస్ (కార్డులోనే ఉండే సాఫ్ట్‌వేర్) మార్చే ఆలోచన ఉంటే ఒరిజినల్ కాపీ వేరే డ్రైవులో దాచండి.

ఇక హార్డ్‌వేర్ మాడ్. వీఆర్ఎంను నడిపే కంట్రోలర్ చిప్‌కు, తానిచ్చే వోల్టేజీ ఎంతో తెలిపే ఫీడ్‌బ్యాక్ పిన్ ఉంటుంది. దాని నుంచి గ్రౌండ్‌కు వేరియబుల్ రెసిస్టర్ కలుపుతాం. రెసిస్టెన్స్ తగ్గేకొద్దీ వోల్టేజీ ఎక్కుతుంది. కాబట్టి కార్డుకు తగిలించకముందే దాన్ని గరిష్ఠానికి తిప్పి, మల్టీమీటర్‌తో కొలిచి చూడాలి. ఏ వైపు తిప్పితే పెరుగుతుందో కాగితం మీద రాసుకోండి, టెన్షన్‌లో చేయి తప్పుతుంది. పిన్ నుంచి గ్రౌండ్‌కు ఉన్న రెసిస్టెన్స్ కొలిచేటప్పుడు కార్డు సిస్టమ్ నుంచి బయటకు తీసి ఉండాలి. ఆ కొలతకు 20 రెట్లున్న వేరియబుల్ రెసిస్టర్‌తో మొదలుపెట్టడం ఓవర్‌క్లాకర్ల అలవాటు, మంచి అలవాటు.

వైరు అతికించగానే పని అయిపోయిందనుకోకండి. నా కార్డు ఒకటి అలాగే పోయింది. టంకం బాగానే పట్టింది, కేసు మూసేటప్పుడు వైరు కాస్త లాగితే వైరు అతికించిన, బియ్యపు గింజంత కూడా లేని బోర్డు మీది రెసిస్టర్, కింద రాగి ప్యాడ్‌తో సహా ఊడి వచ్చింది. అప్పటినుంచి వేరియబుల్ రెసిస్టర్‌ను హాట్ గ్లూతో బోర్డుకు అతికించి, సన్నని వైరును కొంచెం వదులుగా ఉంచి, ఆ తర్వాతే టంకం పెడుతున్నాను.

ఆన్ చేశాక సాఫ్ట్‌వేర్ చూపించే వోల్టేజీని నమ్మొద్దు. ఈ మాడ్ కంట్రోలర్‌నే ఏమారుస్తుంది, సాఫ్ట్‌వేర్ పాత అంకెనే చూపిస్తూ ఉండొచ్చు. కోర్ కెపాసిటర్ దగ్గర మల్టీమీటర్‌తో ఐడిల్‌లో ఒకసారి, లోడ్‌లో ఒకసారి కొలవండి. ప్రోబ్ జారితే షార్టే, అందుకే కొలిచే చోట ముందే వైర్లు తీసి పెట్టుకోవాలి. ఒక్కోసారి 0.02 వోల్టు చొప్పున పెంచండి. పెంచినా క్లాక్ పైకి కదలకపోతే వెనక్కి ఒక మెట్టు దించి అక్కడే ఆపేయండి.