ఆడబిడ్డకు అరుదైన పేరు ఎంచుకోవడం ఎలా?

అంగన్‌వాడీ గుమ్మంలో నిలబడి "శాన్వీ" అని పిలిస్తే ముగ్గురు పిల్లలు తల తిప్పే రోజులివి. ఆద్య, ఆరాధ్య, సహస్రల సంగతీ అంతే. వీటిని కూడా ఒకప్పుడు "ఎవ్వరికీ లేని పేరు" అనుకునే పెట్టారు. ఫోన్‌లో కొత్త పేర్లు వెతికితే నల్లగొండలోనైనా, నాగర్‌కర్నూలులోనైనా వచ్చే జాబితా ఒకటే. దాంట్లో దొరికిన పేరు బిడ్డ బడికి పోయేనాటికే పాతబడుతుంది. పాత మాటల్లో, చుట్టుపక్కల ఊళ్లలో వెతకాలి. దొరికినదాన్ని నోటితో పిలిచి చూసుకోవాలి.

ఇరవై ఒకటో రోజు తొట్టెల (బిడ్డను ఊయలలో వేసి పేరు పెట్టే వేడుక) ఉంటే, దానికి పది రోజుల ముందే పని మొదలుపెట్టండి. పన్నెండు పేర్లు రాసుకుంటే కింది వడపోత అయ్యేసరికి రెండో మూడో మిగులుతాయి.

1. ముందు అక్షరం సంగతి తేల్చుకోండి

బిడ్డ పుట్టిన నక్షత్రానికి నాలుగు పాదాలు, పాదానికి పేరు మొదలుపెట్టే అక్షరం ఒకటి. రోహిణి, అనూరాధ లాంటివాటికి ఇబ్బంది లేదు. వ, న అక్షరాలతో పేర్లకు కొదవ ఉండదు. చిక్కంతా కొన్ని నక్షత్రాల దగ్గరే. ఆరుద్రకు కు, ఘ, ఙ, ఛ వస్తాయి. "ఙ"తో మొదలయ్యే మాటే తెలుగులో లేదు. హస్తకు పు, ష, ణ, ఠ. ఇక్కడే చాలామంది శాలినిని "షాలిని" చేసి, తర్వాత బతుకంతా ఆ తప్పును దిద్దుకుంటూ ఉంటారు. అంతకంటే హస్త మొదటి పాదం "పు"తో పున్నమి అని పెట్టుకోవచ్చు. పాదం పట్టింపు గట్టిగా ఉన్న ఇళ్లలో ఆ అక్షరంతో జన్మనామం ఒకటి పెట్టి, పిలవడానికీ కాగితాలకూ వేరే పేరు పెట్టుకుంటారు. పురోహితులు కూడా దీనికి అడ్డు చెప్పరు.

2. ఎక్కడ వెతకాలి

ఇంటి ముసలివాళ్ల పేర్లతో మొదలుపెట్టండి. యాదగిరిగుట్టకు మొక్కితే యాదమ్మ, జాన్‌పహాడ్ దర్గాకు మొక్కితే సైదమ్మ. నల్లగొండ దిక్కు ఈ పేర్లు లేని ఊరు లేదు, కానీ ఇవాళ పుట్టిన పిల్లకు ఎవరూ పెట్టడం లేదు. అరుదైన పేరే కావాలంటే నిజానికి సైదమ్మను మించింది లేదు! అంత ధైర్యం లేకపోతే అలివేలును చూడండి. అలమేలుమంగ పేరే అది. తమిళంలో అలర్ అంటే పువ్వు, మేల్ అంటే మీద, మంగై అంటే పడుచు. పువ్వు మీద కొలువైన తల్లి అన్నమాట. మన్యంకొండ వెంకన్న గుడికి పోయి వచ్చే పాలమూరు ఇళ్లకు కొత్తేమీ కాని ఈ పేరు, బడి హాజరు పట్టీలో ఇప్పుడు కొత్తగానే ఉంటుంది.

శాసనాల్లోనూ ఆడవాళ్ల పేర్లు బోలెడు. అయితే వాటిని ఉన్నవున్నట్టు తీసుకోకండి. రంగనాథ రామాయణ కవి గోన బుద్ధారెడ్డి కూతురు కుప్పాంబిక బూత్పూర్ శాసనం వేయించిన కవయిత్రి. కానీ ఇవాళ బడిలో ఆ పేరు సగానికి తెగి "కుప్ప" అవుతుంది. కాకతి గణపతిదేవుని చెల్లెళ్లు మైలమ, కుందమ. మైలమలో "మైల" వినిపిస్తుంది కాబట్టి అది పోయింది. కుందం అంటే మల్లెజాతి పువ్వు, కాబట్టి కుందమ నిలుస్తుంది.

నీళ్లూ, వానా, వెలుగుల మాటలు మరో గని: తొలకరి, వేకువ, కలువ, నెలవంక. వెన్నెల ఇప్పటికే అందరిదీ అయిపోయింది. ఉత్తరాభాద్ర మొదటి పాదం "దు" వచ్చిందని పాలమూరు వాగు దుందుభి పేరు పెడదామనుకునేవాళ్లు ఒక్క క్షణం ఆగండి. దుందుభి అంటే భేరి, బాగానే ఉంది. వాలి చంపిన రాక్షసుడి పేరూ అదే. దుహిత అనండి, కూతురు అని అర్థం.

3. అర్థాన్ని నిఘంటువులోనే చూడండి

పేర్ల జాబితాల్లో ప్రతి పేరుకూ "లక్ష్మీదేవి", "వెలుగు" అని అర్థం రాసి ఉంటుంది. నమ్మకండి. ఆంధ్రభారతి సైట్‌లో పాత నిఘంటువులు చాలావాటిని ఒకేచోట వెతకొచ్చు, రెండు నిమిషాల పని. వినడానికి ముద్దుగా ఉండే మిథ్యకు అర్థం అబద్ధం. అవిక అంటే ఆడగొర్రె. కృత్య అంటే చేతబడితో పుట్టించే క్షుద్రశక్తి. నిఘంటువులో దొరకనంత మాత్రాన పేరు చెడ్డదని కాదు, కానీ "అర్థమేంటి బిడ్డా" అని అడిగినవాళ్లకు ఏం చెప్పాలో ముందే అనుకోండి.

4. పిలిచి చూడండి

ఎక్కువ పేర్లు రాలిపోయేది ఇక్కడే. వాకిట్లో నిలబడి, ఇంటి వెనుక ఉన్న మనిషికి వినపడేలా రోజుకు పదిసార్లు, మూడు రోజులు పిలవండి. నాయనమ్మతో తప్పకుండా పిలిపించండి. ఆమె నోట్లో "శ" కాస్తా "స" అవుతుంది, ఒత్తులు పోతాయి. శర్వాణి ముద్దుగా "సర్వ" అయిందంటే వంటింటి గిన్నె వచ్చి కూర్చున్నట్టే. ఛాయ ఎంత చక్కని పేరు! ఆరుద్ర నాలుగో పాదానికి సరిగ్గా సరిపోతుంది, నల్లగొండ దగ్గరి పానగల్లు ఛాయా సోమేశ్వరాలయమూ గుర్తొస్తుంది. కానీ ఒత్తు పోయిన మరుక్షణం "చాయ తాగినవా" మొదలవుతుంది. చారుమతిని కుదించినా అంతే, విస్తట్లో చారు.

మూడక్షరాలు దాటిన పేరును జనం రెండక్షరాలకు కోసేస్తారు. ఏం కోస్తారో మీరే కోసి చూసుకోండి. పని కోసం ముంబై, భీవండి పోయే కుటుంబాలు ఆ పేరు హిందీలో, మరాఠీలో ఎలా పలుకుతుందో అక్కడి చుట్టాలను అడగాలి. తొట్టెల నాడు పళ్లెంలో బియ్యం మీద ఉంగరంతో రాసేదీ ఈ పేరే. ఒత్తు కింద ఒత్తు ఉంటే గింజల్లో ఏ అక్షరమూ నిలవదు.

5. కాగితం ఎక్కించేటప్పుడు

పుట్టుకను 21 రోజుల్లోపు నమోదు చేయించాలి, పేరు మాత్రం అప్పుడే ఇవ్వనక్కర్లేదు. ఆ గడి ఖాళీగా ఉంచి, నమోదైన 12 నెలల్లోపు రుసుము లేకుండా పేరు చేర్పించుకోవచ్చు. తర్వాత ఆలస్య రుసుముతో 15 ఏళ్ల వరకు వీలుంటుంది. ఊళ్లో అయితే పంచాయతీ కార్యదర్శి, పట్టణంలో అయితే మున్సిపాలిటీ. ఆసుపత్రిలో అడిగారని అప్పటికప్పుడు తోచింది చెప్పకండి. అక్షరదోషం దిద్దించడం ఒక ఎత్తు, పేరే మార్పించడం ఇంకో ఎత్తు. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టినవాళ్లకు బడిలో చేరడం నుంచి పాస్‌పోర్టు దాకా ఈ పుట్టుక సర్టిఫికెట్టే ఆధారం.

ఇంటిపేరును పొడి అక్షరంతో వదిలేయకుండా పూర్తిగా రాయించండి. పాస్‌పోర్టు దరఖాస్తులో పొడి అక్షరాలు ఒప్పుకోరు. ఇంగ్లీషు అక్షరాలు ఒక కాగితం మీద పెద్దగా రాసి పట్టుకెళ్లండి. మనం "త"కు టి పక్కన హెచ్ వేస్తాం, ఉత్తరాదివాళ్లు దాన్ని "థ" అని చదువుతారు. ఏదో ఒకటి ఖాయం చేసుకుని ఆధార్‌లోనూ అదే ఇవ్వండి. సర్టిఫికెట్ ముద్రించేముందు తెరమీద తెలుగు పేరునూ, ఇంగ్లీషు పేరునూ ఒక్కో అక్షరం పైకి చదివి చూడండి.