పెద్దపేగు క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత ఐదేళ్ల చెకప్‌లు: ఎలా చూసుకోవాలి?

ఆపరేషన్ బాగా జరిగిందని చెప్పి ఇంటికి పంపాక చాలా ఇళ్లలో ఫైలు బీరువాలోకి వెళ్లిపోతుంది. దయచేసి వెళ్లనివ్వకండి. ఈ జబ్బు తిరగబెడితే ఎక్కువగా మొదటి మూడేళ్లలోనే, అదీ కాలేయంలోనో ఊపిరితిత్తుల్లోనో కనిపిస్తుంది. చిన్నగా ఉన్నప్పుడే దొరికితే కొందరికి మళ్లీ ఆపరేషన్ చేసి పూర్తిగా తీసేయగలరు.

ముందు ఆపరేషన్‌లో తీసిన పేగు భాగానికి చేసిన బయాప్సీ రిపోర్టు అడిగి తీసుకోండి. స్టేజి ఎంత, ఎన్ని లింఫ్ గ్రంథులు చూశారు, ఎన్నింటిలో క్యాన్సర్ ఉందన్నది అందులోనే ఉంటుంది. డిశ్చార్జి సమ్మరీ, స్కాన్లు అన్నీ తేదీల వరసలో ఒకే ఫైల్లో పెట్టి, ఫోన్లో ఫొటోలు కూడా ఉంచుకోండి.

తర్వాత ఐదేళ్ల తేదీలు డాక్టరు చేతే రాయించుకోండి. రెండు, మూడో స్టేజి వాళ్లకు మామూలుగా మొదటి రెండేళ్లు 3 నుంచి 6 నెలలకోసారి, ఆపైన 6 నెలలకోసారి డాక్టరు పరీక్ష, సీఈఏ (ఈ క్యాన్సర్ ఉంటే చాలామందికి రక్తంలో పెరిగే ఒక ప్రోటీన్) రక్తపరీక్ష ఉంటాయి. ఛాతీ, పొట్ట సీటీ స్కాన్ 6 నుంచి 12 నెలలకోసారి.

సీఈఏ దగ్గరే అందరూ హడలిపోతారు. ప్రతిసారీ ఒకే ల్యాబులో చేయించండి. ల్యాబు మారితే అంకె కూడా కాస్త మారొచ్చు. పొగతాగేవాళ్లలో ఇది కొంత ఎక్కువే ఉంటుంది. ఒకసారి పెరిగిందని కంగారు పడకండి, మళ్లీ చేయిస్తారు. వరసగా పెరుగుతుంటే స్కాన్ రాస్తారు. నార్మల్ వచ్చినా స్కాన్ మానకూడదు, ఎందుకంటే కొందరిలో జబ్బు తిరిగొచ్చినా సీఈఏ పెరగదు.

కొలనోస్కోపీ, అంటే కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష, మొదటిది ఆపరేషన్ అయిన ఏడాదికి. పేగు మూసుకుపోయి ఆపరేషన్‌కు ముందు మొత్తం చూడలేకపోతే ఆపరేషన్ తర్వాత 3 నుంచి 6 నెలల్లోనే చేయించాలి. ఏమీ లేకపోతే తర్వాతది మూడేళ్లకు, ఆపైన ఐదేళ్లకోసారి. ముందురోజు మందు తాగి బాత్రూంకు తిరగడం కష్టమే, కానీ పేగు శుభ్రంగా లేకపోతే చిన్న పాలిప్‌లు (పేగు లోపలి గోడ మీద పెరిగే బుడిపెలు) కనబడవు. షుగర్ మందులు, రక్తం పలచబడే మందులు వాడుతుంటే ముందే చెప్పండి.

మలంలో రక్తం, తగ్గని కడుపునొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం కనిపిస్తే చెకప్ తేదీ దాకా ఆగకండి. ‘మొలలేలే’ అని మీరే తేల్చేసుకోవద్దు.

ఇంకొకటి, పిల్లలకూ తోబుట్టువులకూ చెప్పండి. వాళ్లు 40 ఏళ్లకు, లేదా మీకు జబ్బు బయటపడిన వయసుకు పదేళ్ల ముందు, ఏది ముందొస్తే అప్పుడు కొలనోస్కోపీ మొదలుపెట్టాలి. తండ్రికి 45లో వస్తే కొడుకూ కూతురూ 35కే చేయించుకోవాలి.