ఆ మోత ఏ ఫ్యానుది?

నేను పిల్లల కథలు చదివి రికార్డ్ చేస్తుంటాను. మైకు ముందు కూర్చుని "అనగనగా" అనగానే బల్ల కింద నుంచి కంప్యూటర్ కూడా శ్రుతి కలిపేది. గదిలో ఉన్నంతసేపు అలవాటైపోయి తెలిసేది కాదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే మాత్రం మాటకీ మాటకీ మధ్య సన్నటి హోరు. ఫ్యాన్లు పాతబడ్డాయి కాబోలు అనుకుని రెండు కొత్తవి కొని బిగించాను. హోరు ఎక్కడికీ పోలేదు. డబ్బు పెట్టేముందు అసలు మోత చేస్తున్నది ఎవరో కనుక్కోవాలన్న బుద్ధి అప్పుడు వచ్చింది.

ముందు శబ్దానికి పేరు పెట్టండి. ఈ పనికి తెలుగు బాగా పనికొస్తుంది. "హోరు" అంటే చాలావరకు గాలి. ఫ్యాన్ జోరుగా తిరుగుతోందనో, గాలికి దారి ఇరుకుగా ఉందనో అర్థం. "గరగర" అంటే ఫ్యాన్ ఇరుసు తిరిగే బేరింగ్. "టిక్ టిక్ టిక్" అంటే రెక్కకు ఏదో తగులుతోంది, నూటికి తొంభై పాళ్లు వైరే. "జుయ్" అంటే ఏదో రేకు అదురుతోంది. చెవిలో సూది దూర్చినట్టు "కీచు"మంటూ, మౌస్‌తో పేజీ జరిపినప్పుడో, గేమ్ ఆడేటప్పుడో మారిపోతుంటే అది అసలు ఫ్యాన్ కాదు. గ్రాఫిక్స్ కార్డులోనో, పవర్ సప్లైలోనో ఉన్న కాయిల్స్ (తీగచుట్టలు) అదురుతున్నాయి. దానికి ఎన్ని ఫ్యాన్లు మార్చినా లాభం లేదు.

తర్వాత క్యాబినెట్ పక్క తలుపు తీసి, లోపల తిరిగేవన్నీ లెక్కపెట్టండి. ప్రాసెసర్ మీద ఒకటి, వెనక ఒకటి, ముందు ఒకటో రెండో, గ్రాఫిక్స్ కార్డుకు దాని సొంతవి, పవర్ సప్లై లోపల ఇంకొకటి. హార్డ్‌డిస్క్ ఉంటే అదీ తిరిగేదే. ఈ చివరి మాట నేను మర్చిపోయాను, అక్కడే దెబ్బతిన్నాను.

ఒక కాగితాన్ని గొట్టంలా చుట్టి ఒక చివర చెవికి ఆనించి, రెండో చివరను ఒక్కో ఫ్యాన్ దగ్గరకు తీసుకెళ్లండి. రెక్కలకు తగలనివ్వకండి. తలుపు తీసి వింటే అన్నీ కలగాపులగంగా వినిపిస్తాయి కానీ, గొట్టంతో వింటే దోషి ఎవరో చాలావరకు తెలిసిపోతుంది. ఇంకా అనుమానంగా ఉంటే క్యాబినెట్ ఫ్యాన్లను ఒక్కొక్కటిగా ఆపి చూడాలి. రెక్కల జోలికి పోకుండా, మధ్యలో స్టిక్కర్ ఉండే గుండ్రటి భాగం మీద వేలితో మెల్లగా నొక్కితే రెండు మూడు సెకన్లు ఆగుతుంది. వేలు పెట్టడానికి భయమైతే కంప్యూటర్ ఆపి, ప్లగ్ పీకి, ఆ ఫ్యాన్ వైరు తీసేసి మళ్లీ ఆన్ చేయండి. ప్రాసెసర్ ఫ్యాన్‌కు మాత్రం ఈ పద్ధతి వద్దు. దాని వైరు తీస్తే చాలా మదర్‌బోర్డులు ఎర్రర్ చూపించి అక్కడే ఆగిపోతాయి. పవర్ సప్లై డబ్బా అసలు విప్పకండి. ప్లగ్ తీసిన తర్వాత కూడా లోపలి కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది. దాని ఫ్యాన్ గరగరమంటుంటే మొత్తం యూనిట్ మార్చుకోవడమే.

నాకు దొంగను పట్టించింది గొట్టం కాదు, నా రికార్డింగే. ఫోన్‌తో అయినా సరే, క్యాబినెట్ పక్కన అర నిమిషం రికార్డ్ చేసి, ఆ ఫైల్‌ను ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటింగ్ ప్రోగ్రామ్‌లో తెరిచి, అనలైజ్ మెనూలో ప్లాట్ స్పెక్ట్రమ్ నొక్కండి. ఏ హెర్ట్జ్ (సెకనుకు ఎన్ని కంపనాలు) దగ్గర శబ్దం ఎంత ఉందో చూపిస్తూ కొండల వరసలా ఒక బొమ్మ వస్తుంది. ఫ్యాన్ శబ్దానికి ఒక లెక్క ఉంది. నిమిషానికి తిరిగే చుట్లను 60తో భాగించి, రెక్కల సంఖ్యతో గుణించాలి. 1200 చుట్లు తిరిగే ఏడు రెక్కల ఫ్యాన్‌కు 140 హెర్ట్జ్ దగ్గర శిఖరం కనిపించాలి. నా బొమ్మలో అన్నిటికన్నా ఎత్తైన శిఖరం 120 దగ్గర ఉంది. ఫ్యాన్లను ఫుల్‌లో పెట్టి రికార్డ్ చేశాను, బాగా తగ్గించి ఇంకోసారి చేశాను. చిన్న శిఖరాలు దాదాపు అన్నీ జరిగాయి, ఆ 120 మాత్రం బండరాయిలా కదల్లేదు. 120ని 60తో గుణిస్తే 7200. పాత ఫైళ్లు దాచుకునే నా హార్డ్‌డిస్క్ మీద రాసి ఉన్న వేగం కూడా 7200. చేత్తో క్యాబినెట్ పక్క రేకును గట్టిగా నొక్కిపట్టుకుంటే హోరు సగం తగ్గింది. అంటే డిస్క్ అదురుతోంది, రేకు తబలాలా దాన్ని పెంచి వినిపిస్తోంది.

చూస్తే డిస్క్‌ను పట్టి ఉంచాల్సిన నాలుగు స్క్రూల్లో రెండే ఉన్నాయి, అవీ వదులుగా. నాలుగూ పెట్టి, మధ్యలో రబ్బరు వాషర్లు వేశాను. కథలన్నీ తిరిగే భాగాలేవీ లేని ఎస్‌ఎస్‌డీకి మార్చి, వాడనప్పుడు డిస్క్ నిద్రపోయేలా పవర్ సెట్టింగ్స్‌లో పెట్టాను. కొన్న రెండు ఫ్యాన్ల ఖరీదులో ఈ వాషర్లు లెక్కలోకి కూడా రావు.

ఆ హోరు పోయాక, దాని చాటున దాక్కున్న మిగతావి వినపడడం మొదలైంది. ఇది అందరికీ జరుగుతుంది, కంగారు పడకండి.

మొదటిది దుమ్ము. ప్రాసెసర్ మీది ఫ్యాన్ తీసి చూస్తే, దాని కింద అల్యూమినియం రేకుల మధ్య కంబళి ముక్కలా పేరుకుపోయి ఉంది. గాలి దూరక ప్రాసెసర్ వేడెక్కుతుంది, దాన్ని చల్లార్చాలని ఫ్యాన్ ఇంకా జోరుగా తిరుగుతుంది. కరెంటు తీసేసి మెత్తటి బ్రష్‌తోనో, గాలి డబ్బాతోనో శుభ్రం చేయండి. గాలి కొట్టేటప్పుడు రెక్కలను వేలితో ఆపి పట్టుకోండి. లేకపోతే ఫ్యాన్ దాని మామూలు వేగాన్ని దాటి తిరిగి బేరింగ్ దెబ్బతింటుంది. నా ఫ్యాన్ ఊరికే ఉన్నప్పుడు కూడా 1600 తిరిగేది, శుభ్రం చేశాక 1100కు దిగింది. కూలర్‌ను, అంటే ఫ్యాన్‌తో పాటు ఆ రేకుల దిమ్మను కూడా, పూర్తిగా ఊడదీస్తే మాత్రం ప్రాసెసర్‌కూ దానికీ మధ్య వేడిని చేరవేసే పాత థర్మల్ పేస్ట్ తుడిచి కొత్తది వేయాల్సిందే.

రెండోది నన్ను ఎక్కువ విసిగించింది. బ్రౌజర్ తెరిచినప్పుడల్లా ఫ్యాన్ "హుఁ"మని లేచి మళ్లీ పడుకునేది. ఒకే స్థాయిలో సాగే శబ్దాన్ని చెవి మర్చిపోతుంది, లేచి పడే శబ్దాన్ని మర్చిపోదు. ప్రాసెసర్ వేడి ఒక్క క్షణంలో ఇరవై డిగ్రీలు ఎగబాకి దిగిపోతుంటుంది, ఫ్యాన్ దాని వెంట పరుగెత్తుతుంటుంది. కానీ కూలర్ లోహం వేడెక్కడానికి టైం పడుతుంది కాబట్టి అంత తొందరేం అక్కర్లేదు. బయోస్‌లో (మదర్‌బోర్డు సొంత సెట్టింగ్స్‌లో) ఏ వేడికి ఫ్యాన్ ఎంత జోరుగా తిరగాలో చెప్పే ఫ్యాన్ కర్వ్ తెరిచి, 55 డిగ్రీల దాకా 35 శాతం, 70 దగ్గర 55, 80 దగ్గర 80, 85 దాటితే ఫుల్ అని పెట్టాను. ఫ్యాన్ వేగం మారేముందు కొన్ని సెకన్లు ఆగేలా కూడా అక్కడే సెట్టింగ్ ఉంటుంది. కంపెనీని బట్టి స్టెప్ అప్ టైం అనో, స్మూతింగ్ అనో పేరు మారుతుంది. నేను ఐదు సెకన్లు పెట్టాను. ఆ ఎగశ్వాస ఆగిపోయింది.

వేగం కొంచెం తగ్గించినా చెవికి చాలా తేడా తెలుస్తుంది. 1500 నుంచి 1200కు దించితే గాలి అయిదో వంతే తగ్గుతుంది, మోత దాదాపు 5 డెసిబెల్స్ తగ్గుతుంది. అందుకే చిన్న ఫ్యాన్‌ను జోరుగా తిప్పేకన్నా పెద్దదాన్ని నెమ్మదిగా తిప్పడం మేలు. తగ్గించిన తర్వాత ఏదైనా బరువైన పని ఇరవై నిమిషాలు నడిపించి, హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రామ్‌లో వేడి చూడండి. నేనైతే 80 దాటనివ్వను.

ఎంత తగ్గించినా ఒక ఫ్యాన్ ఫుల్‌లోనే తిరుగుతుంటే దాని వైరుకు ఎన్ని పిన్నులో చూడండి. నా కొత్తవాటిలో ఒకటి మూడు పిన్నులది. దాన్ని వోల్టేజీతో అదుపు చేయాలి, నాలుగో పిన్నుతో కాదు. బయోస్‌లో ఆ కనెక్టర్ నాలుగో పిన్నుతో వేగం మార్చే పీడబ్ల్యూఎం మోడ్‌లో ఉండడం వల్ల అది ఎవరి మాటా వినలేదు. వోల్టేజీతో మార్చే డీసీ మోడ్‌కు మార్చగానే దారికొచ్చింది.

తర్వాత ఆ రెండు కొత్త ఫ్యాన్లూ కలిసి "ఊఁ... ఊఁ..." అని ఉయ్యాలూగాయి. ఏడేసి రెక్కలుండి ఒకటి 1200, ఇంకొకటి 1180 తిరుగుతుంటే రెండు శబ్దాలూ కలిసి సెకనుకు రెండుసార్లకు పైగా పెరిగి తగ్గుతాయి. ఒకదాన్ని 1000కి దించాను, ఊగడం మానేశాయి.

గ్రాఫిక్స్ కార్డు నాకు పెద్దగా ఇబ్బంది పెట్టలేదు. గేమ్స్ ఆడేవాళ్లు ఫ్రేమ్ రేట్‌ను (సెకనుకు గీసే బొమ్మల సంఖ్యను) మానిటర్ చూపించగలిగినంత వరకే కట్టేస్తే, కార్డుకు పని తగ్గి ఫ్యాన్లు వాటంతట అవే నెమ్మదిస్తాయి.

గరగర సంగతి. ఆన్ చేసిన కొత్తలో గరగరలాడి, కాసేపటికి సర్దుకునే ఫ్యాన్‌లో నూనె ఎండిపోతోందని అర్థం. స్టిక్కర్ తీస్తే కింద బేరింగ్ కనిపించే రకమైతే ఒక్క చుక్క కుట్టుమిషన్ నూనె వేయొచ్చు. వంటనూనె వద్దు, జిగురులా గడ్డకడుతుంది. ఇది కొన్నాళ్ల ముచ్చటే, ఈలోపు కొత్తది చూసుకోండి. కొనేముందు స్కేలు పెట్టి కొలవండి. స్క్రూ రంధ్రాల మధ్య దూరం 105 మిల్లీమీటర్లుంటే 120 సైజు, 124.5 ఉంటే 140 సైజు. బిగించేటప్పుడు ఫ్రేమ్ మీద బాణం గుర్తు ఉందేమో చూడండి. లేకపోతే మధ్య భాగాన్ని పట్టి ఉంచే కమ్మీలు ఏ వైపు ఉంటే గాలి ఆ వైపుకు పోతుంది. నేను మొదటిసారి వెనక ఫ్యాన్‌ను తిరగేసి పెట్టాను. రెండు రోజులు అది వేడి గాలిని బయటకు పంపాల్సింది పోయి, బయటి గాలిని లోపలికి తోసింది.